కండక్టరుగారి మోకాలు

చాపలన్నీ చుట్టేశాక యోగా హాల్లో గురువుగారూ, బస్సు డిపో ఫిట్టరూ ఇద్దరే మిగిలారు. సోమవారం నుంచి డిపో షెడ్డులో పదిహేనుమందికి ఆసనాలు నేర్పే పని ఫిట్టరు మీద పడింది. గురువుగారు సరేనంటేనే అది. అందుకే కాళ్లు చాపి, ముందుకు వంగి, బొటనవేళ్లు పట్టుకుని, లైసెన్సు పరీక్షకొచ్చినవాడిలా బిగుసుకుపోయాడు.

“కుడి మోకాలెందుకు లేచింది నాయనా?”

“లేవాలి గదండీ.”

“ఎవరు చెప్పారు?”

“మీరేనండీ. ఆర్నెల్లుగా మా వెనక వరసంతా అలాగే లేపుతున్నాం.”

“నేను లేపడం నువ్వు చూశావా?”

“వెనకనుంచి మీరు కనపడరండీ. నా ముందు కూర్చునే కండక్టరుగారు కనపడతారు. ఆయన్ని చూసి నేను, నన్ను చూసి పక్కవాళ్లు.”

“ఆయన మోకాలికి ఆపరేషనైందయ్యా. చాపుదామన్నా సాగదు.”

ఫిట్టరు మెల్లగా లేచి కూర్చున్నాడు. షెడ్డులో పదిహేను కుడి మోకాళ్లు ఒక్కసారి లేచినట్టు అతని కళ్లకు కట్టింది.

“అయితే సోమవారం సంగతి?”

“రేపట్నుంచి ముందు వరసలో కూర్చో.”

“అక్కడ ఎవర్ని చూసి చెయ్యాలండీ?”

“ఎవర్నీ చూడకు. కళ్లు మూసుకుని నీ మోకాలు చెప్పేది విను.”

“అది మొదటిరోజు నుంచీ మొత్తుకుంటూనే ఉందండీ, నాకేం రోగం, నన్నెందుకు మడుస్తావని. పెద్దమనిషి ముందు కూర్చున్నాడు గదా అని నేనే దాని నోరు మూయించాను.”

“సోమవారం వాళ్లకి మొదటి పాఠంగా ఆ ముక్కే చెప్పు. ముందు అందరిచేతా కళ్లు మూయించు.”

“ధ్యానానికాండీ?”

“నిన్ను చూడకుండా ఉంటారని.”