నీలం జట్టు ఎందుకోడింది

లేదన్నయ్యా, మాట మార్చకు. కొట్టు తెరిచే టైమైందంటే ఈపూట ఒప్పుకోను. ముందిది చూడు. మన ఫుట్‌బాల్ గేమ్ జాయ్‌స్టిక్. నాదే, రెండోది.

అమ్మ అటక దులిపితే దొరికిందట. పారేస్తానంటే ప్రాణం ఒప్పుకోక పెట్టెతో సహా తెచ్చుకున్నా. నిన్న టీవీకి తగిలించానా... ఆ ఈల! గొంతు బొంగురుపోయిన ఆ రిఫరీ ఈల వినగానే ఒళ్ళు జలదరించిందనుకో. నీ ఎర్రజట్టు, నా నీలంజట్టు. గోల్‌కీపర్‌కి బొజ్జ ఉండేది, గుర్తుందా? వాడికి మావయ్య అని పేరు పెట్టి ఎంత నవ్వేవాళ్ళం!

ఇప్పుడు నవ్వకు. అసలు సంగతి ఇంకా చెప్పలేదు.

గోలు ముందుకెళ్ళి బటన్ నొక్కుతా, నావాడు తన్నడు. మళ్ళీ నొక్కుతా, ఈలోగా బంతి మీవాడి కాళ్ళ దగ్గరుంటుంది. చిన్నప్పుడూ అంతేగా? నా చేతకానితనమే అనుకున్నా ఇన్నేళ్ళూ. నిన్న విసుగొచ్చి, నీ జాయ్‌స్టిక్ పట్టుకున్నా. ఒక్క నొక్కుకే గోలు! అనుమానం రాదూ మరి? నాది స్క్రూలు విప్పేశా.

చూడు, తన్నే బటన్ కింద. కనబడిందా? సన్నటి టేపు ముక్క. సరిగ్గా సగానికి అడ్డంగా, అంచులు ఎంత నున్నగా కోశారో! దుమ్ముతో పాటు వచ్చి పడిందంటావా? ఎవరో తీరిగ్గా కూర్చుని అంటించారు.

ఎవరంటావ్?

అలా పైకి చూడకు, ఫ్యాను చెప్పదు. మొదట్లో నేనే గెలిచేదాన్ని, అవునా కాదా? నువ్వు కంచం తోసేసి గోడవైపు తిరిగి పడుకునేవాడివి. సరిగ్గా ఆ తర్వాతే నేను ఓడటం మొదలైంది. నీ పనేగా? ఒట్లు వెయ్యక్కర్లేదు, నీ మొహమే...

ఏంటీ?

నాన్నా?

ఏదీ, మళ్ళీ చెప్పు. కొట్లో చూశావా? వాచీల బల్ల మీద, కంటికి భూతద్దం పెట్టుకుని దీన్ని విప్పుతుంటే... రిపేరు చేస్తున్నారనుకున్నావా? బాగుంది! నేనూ అదే అనుకున్నా. 'బటన్ వదులైందమ్మా, బిగించాను' అని చేతికిచ్చారు. మెడ పట్టుకుని ముద్దు కూడా పెట్టాను ఆయనకి.

సరే, నీకు తెలీదనే అనుకుందాం. అనుకుందాం అంటున్నా, నమ్మాననలేదు.

కొడుకు అన్నం ముట్టట్లేదని చేశారు. పోనీ, తండ్రి ప్రాణం. నాలుగు రోజులాగి తీసేద్దామనుకున్నారేమో. మరి చదువయ్యాక నేనూ వాచీ పని నేర్చుకుంటానంటే ఏమన్నారో మర్చిపోయావా? 'బటనే సరిగ్గా నొక్కలేవు, వెంట్రుకంత స్ప్రింగు పట్టుకుంటావా తల్లీ? నీవి మొద్దు చేతులు.' అందరూ నవ్వారు. నువ్వూ నవ్వావు. ఆఖరికి నేనూ నవ్వాను చూడు, అదీ నా తెలివి!

బల్ల నీకొచ్చింది. నేను పళ్ళ డాక్టరు గుమ్మంలో కూర్చుని, బుగ్గలు వాచినవాళ్ళని పేరు పేరునా లోపలికి పిలుస్తున్నా.

తనే అడ్డం పెట్టి తనే మర్చిపోయారంటావా? లేక గుర్తుండే అన్నారా? ఏమో! ఆయన ఏ గడియారంలో ఏ చక్రం పన్ను అరిగిందో పదేళ్ళైనా మర్చిపోయేవారు కాదు.

ఎందుకు కళ్ళు తుడుచుకుంటావ్? నిన్నేమన్నానిప్పుడు?

నిజం చెప్పనా అన్నయ్యా? నిన్ను పిలిచింది అడుగుదామని కాదు. నువ్వేనని తేల్చేసుకునే పిలిచా. తిట్లన్నీ వరసగా పెట్టుకుని కూర్చున్నా. నువ్వు ఊఁ అనుంటే ఎంత బాగుండేది! నాలుగు దులిపేసి, కొన్నాళ్ళు మీ గడప తొక్కకుండా ఉండేదాన్ని. వదిన ఫోన్ చేసేది, నేను బెట్టు చేసేదాన్ని, ఆఖరికి నువ్వే ఏదో వంక పెట్టుకుని వచ్చేవాడివి. అయిపోయేది.

ఇప్పుడు పోయిన మనిషి మీద అలిగి, ఎవరింటికి వెళ్ళడం మానెయ్యను చెప్పు?