ఒక చేయి ఉన్ని, ఒక చేయి నూలు

1988 జనవరి నాలుగో తేదీ ఉదయం, పొగమంచులో సగం కరిగినట్టున్న మా సబ్బుల కర్మాగారం గేటు దాటి, నేడు పదవీ విరమణ చేస్తున్న మా మేస్త్రీగారు తొలిసారి లోపల అడుగుపెట్టారు. కాస్టిక్ సోడా గురించి వారికి తెలిసినదంతా నేను దగ్గరుండి నేర్పినదేనని సవినయంగా మనవి చేసుకుంటున్నాను.

ఆ సోడా స్వభావమే విచిత్రం. తెల్లని రేకులుగా సంచిలో ఒద్దికగా ఉంటుంది. మూతి విప్పితే గాలిలోని తేమను తాగి తనంతట తానే చెమర్చుతుంది. నీళ్లలో పడితే పొయ్యి లేకుండానే కాగుతుంది. నూనెను సబ్బుగానూ, కట్టెను కాగితపు గుజ్జుగానూ మారుస్తుంది. నూలుకు మెరుపునిస్తుంది. ఉన్నిని మాత్రం తినేస్తుంది.

ఈ చివరి సంగతి ఆ చలికాలంలోనే తెలిసివచ్చింది. కొత్తగా కాపురానికి వచ్చిన వారి శ్రీమతి, నాకు చెల్లెమ్మ, బూడిదరంగు ఉన్నితో స్వెట్టరు అల్లి ఇచ్చింది. విప్పబుద్ధిగాక మేస్త్రీగారు దానితోనే సోడా కలిపే తొట్టి దగ్గర నిలబడ్డారు. ఆవిరి మబ్బులో ఎవరికెవరూ కనబడని వేళ, వేడి ద్రావణం చింది కుడిచేతి మీద పడింది. వెంటనే విప్పేసి, చేతిని చాలాసేపు కుళాయి కింద ఉంచారు. చర్మం ఎర్రబడి ఊరుకుంది. స్వెట్టరు చేయి జిగురై జారిపోయింది.

ఇక ఇంటికెలా వెళ్లడమన్నదే దిగులు. ఎలుక కొట్టిందని చెప్పమన్నాను.

"మోచేతి దాకా కొలుచుకుని తింటుందా బావా ఎలుక?" అన్నారు.

చివరకు ఉన్నదున్నట్టే చెప్పారు. చెల్లెమ్మ పకపకా నవ్వి, "పోతే పోయిందిలెండి, చెయ్యి తెచ్చారుగా," అని, ఎర్రని నూలుదారంతో కొత్త చేయి అల్లి అతికించింది.

ఆపైన పొగమంచు ఉదయాల్లో ఆ ఎర్రచేయి ఒక్కటే గాలిలో తేలుతూ వచ్చేది. గేటు కాపలాదారు ముందు దానికి నమస్కరించి, తరువాత మనిషి కోసం ఎదురుచూసేవాడు. తొట్టి గది బయట కొయ్యమేకులు కొట్టించి, ఉన్ని బట్టలు అక్కడే విడిచి రావాలన్న కట్టుబాటు పెట్టినదీ వారే. మేస్త్రీ అయ్యాక ఎవరి చేతికీ గాయం కానివ్వనిదీ వారే.

నేర్పానన్నానా? నేను చేరింది వారి తరువాత వారం రోజులకు. సోడాను నీళ్లలో వేయాలే గాని, సోడా మీద నీళ్లు పోయరాదని నాకు నేర్పినవారే వారు.

మరొకటి: చెల్లెమ్మ నవ్వడం నా కల్పన. ఆ సాయంత్రం ఎర్రబడిన ఆ చేతిని ఒళ్లో పెట్టుకుని ఏడ్చిందట. "రేపటి నుంచి వెళ్లకండి" అన్నదట.

అమ్మా, రేపటి నుంచి వెళ్లరు. ఆ రెండు చేతులూ నిండు ఆరోగ్యంతో, నిండు నూరేళ్లూ నీ దగ్గరే ఉండుగాక.