అత్తగారి పాపసంకీర్తనం

1969 వేసవిలో ఒక ఆదివారం, రేపల్లె కథోలిక విచారణ గుడి వరండాలో కోడలు ఐదో బిడ్డను ఒళ్లో వేసుకుని కూర్చుంది. పిల్లలు పుట్టకుండా తెనాలిలో ఆపరేషన్ చేయించుకున్నాక, పూజలో సత్ప్రసాదం అందుకోడానికి వెళ్లే ధైర్యం లేక బయటే ఉండిపోతోంది. ఫాదర్ గారి దగ్గర తన పాపాలు చెప్పుకుని, పాపసంకీర్తనం ముగించుకుని అత్తగారు బయటికొచ్చింది.

"నా సంగతి చెప్పారా అత్తయ్యా?"

"నీది కాదు, నాది చెప్పుకున్నాను. ఆపరేషన్ చేయించింది నేనేనన్నాను."

"ఫాదర్ గారు కోప్పడలేదూ?"

"పిల్లలు పుట్టకుండా చేసుకోకూడదని పోపుగారు ఉత్తరం రాశారు కదమ్మా అన్నారు. మీరు గుళ్లో చదివితే విన్నానండి, కానీ ఈ కాన్పులో కోడలి ఒళ్లు చల్లబడిపోతే కాళ్లు రుద్దింది నేనండి అన్నాను."

"పశ్చాత్తాపం ఉందా అని అడుగుతారుగా?"

"అడిగారు. లేదండి అన్నాను. అక్కడ మోకాళ్లూని అబద్ధమెట్లా చెప్పను?"

"మరేమన్నారు?"

"కోడలిచేత బరువులు ఎత్తించకమ్మా అన్నారు."

పోపుగారి పటానికి రోజూ దణ్ణం పెట్టుకునే మనిషి, కోడలికోసం ఆయన మాటకే అడ్డం చెప్పి వచ్చింది. కోడలు బిడ్డను అత్తగారి చేతికిచ్చి, తలమీద కొంగు కప్పుకుని గుడి లోపలికి కదిలింది.

"ఎక్కడికే? ఆ పాపం నేను చెప్పేసుకున్నాగా."

"ఇంకోటుందండి."

"ఏంటది?"

"కాపరానికొచ్చిన కొత్తలో, మా అత్తకు మనసే లేదని మా అమ్మకు చెప్పానండి."