రెండో మనిషి సరే అంటేనే

“మూడు కంప్యూటర్లూ ఒకే దినం మార్చేస్తావా? బాగా ఆలోచించుకొనే వచ్చినావా, లావణ్యా?”

“ఆలోచించుకున్నా దివాకరన్నా. దొంగ విండోస్ సీడీలు పెట్టుకొని ఎన్ని దినాలని భయపడతా కూచుండేది? మొన్న ధర్మవరంలో తనిఖీకి వచ్చి రెండు షాపుల్లో సిస్టములు ఎత్తుకపోయినారంట.”

“భయంతో మార్చుకుంటే నాలుగు దినాలకి మళ్ళీ ఆ దొంగ సీడీనే వెతుక్కుంటావు. ఇష్టంతో మార్చుకోవల్ల. లినక్సు మనది. ఎవుడి దయా అక్కరలేదు. ఎవునికీ సలాం కొట్టేది లేదు.”

2007 జూన్, శనివారం మధ్యాహ్నం. సోమందేపల్లె బస్టాండు ఎదురుగా దివాకర్ డీటీపీ షాపు. లినక్స్ గురించి అడిగే మనిషి దొరికితే దివాకర్‌కు అన్నం కూడా గుర్తుండదు. పాపం, అట్లా అడిగేవాళ్లు ఏడాదికి ఒకరు వస్తే గొప్ప. బత్తలపల్లెలో నెట్ సెంటరు నడిపే లావణ్య బస్సు మారి వచ్చి అప్పటికి అరగంటయింది. అసలు వచ్చిన పని మాత్రం ఇంకా ఆమె నోటికి రాలేదు.

“బత్తలపల్లె అంటివి కదా. యాడ నీ సెంటరు?”

“బస్టాండు కాడనే అన్నా. మా నాయన చెనిక్కాయల మండీ పక్కన.”

“అట్లయితే మా ఆమె నీకి తెలిసే ఉంటాది! ప్రసూన. లక్ష్మీదేవమ్మ కూతురు.”

“ఊఁ... తెలుసు.”

“నెట్టుకి నీ కాడికే వస్తాండాదా?”

“అన్నా, ముందు ఆ లినక్సు సీడీ సంగతి చెప్పు.”

“సీడీ యాడికి పోతాది లే! ఇట్ల కుర్చీ దగ్గరికి లాక్కో. ఇది చూడు. ఎడమ పక్క ఇంగ్లీషు మాట. కుడి పక్క నేను రాసే తెలుగు. ఈ సాఫ్ట్‌వేరు మొత్తం తెలుగులోకి తెస్తాండాము, ఊర్లూర్ల నుంచీ కొంతమందిమి. జీతం లేదు, నాతం లేదు. అయితే ఒక కట్టుబాటు ఉండాది. నేను రాసింది నేనే సరే అనుకోకూడదు. రెండో మనిషి చూసి సరే అంటేనే లోపలికి పోతాది.”

“ఆ రెండో మనిషి...”

“ప్రసూననే! ఏడాదిన్నరగా. మనిషి ఈడ లేదు, ఫోను ఎత్తదు. అయినా దినామూ సాయంత్రం ఆరయితే నా మాటలు దిద్దుతాది.”

“ఆరుకే.”

“ఆరు. మించితే ఆరుంబావు. నేను ఐదున్నర నుంచే కూచుంటా దీని ముందర. పెండ్లిపత్రికల పార్టీలు వస్తే రేపు రమ్మంటా.”

“ఆయమ్మ ఏంటికి పోయిందన్నా ఇల్లిడిచి?”

“నీకి తెలీదా? బత్తలపల్లెలో అందురికీ తెలిసుండల్లనే.”

“నువ్వు చెప్పు.”

“వాళ్ళమ్మ పాడే పాటలు ఉండె. విత్తనం వేసేటప్పటివి, కల్లం కాడివి, పిల్లోల్ని నిద్రపుచ్చేవి. నూటా నలభై. వాళ్ళమ్మని పక్కన కూచోబెట్టుకొని పాడించుకొని, ప్రసూన అన్నీ ఇదే కంప్యూటర్లో టైపు చేసి పెట్టుకొనింది. మూడేండ్లు పట్టింది. ఆమె ఎవురిదో పెండ్లికి పోయిన దినం చూసి, నేను విండోస్ తీసేసి లినక్సు ఎక్కించినా. కంపెనీల కాళ్ళ కింద బతకకూడదని నాకప్పుడు పిచ్చి. మధ్యలో తెర మీద ఏందో ఇంగ్లీషులో అడిగింది. చదవలా. ఎస్ కొట్టినా.”

“డిస్కు తుడిచేసిందా?”

“మొత్తం.”

“కాపీ తీసుకోలేదా ముందుగా?”

“తీసినా. తీసినా కదా అనే ధైర్యంతోనే ఎస్ కొట్టింది. ఆమె అడిగినాక ఆ కాపీ సీడీ పెట్టి చూస్తే... అన్నీ నావే ఉండాయి. నా పెండ్లిపత్రికలు, నా కరపత్రాలు, నా వినాయకుని బొమ్మలు. ఆమెవి ఇంకొక ఫోల్డర్లో ఉండె. ఆ ఫోల్డరు నాకి గుర్తే రాల్యా, లావణ్యా.”

“అయ్యో.”

“ఆమె చూసి సంతోషపడతాదని కంప్యూటరుకి కుంకం, పూలు పెట్టి, టెంకాయ గూడా కొట్టినా. వచ్చింది. పూలు చూసి నవ్వింది. కూచుని వెతికింది. వెతికింది, వెతికింది...”

“వాళ్ళమ్మ చేత మళ్ళీ పాడించుకొనుంటే?”

“లక్ష్మీదేవమ్మ చనిపోయి అప్పటికే ఆరు నెలలు.”

“ఏమనిందన్నా ఆయమ్మ?”

“ఒక్క మాట తిట్టలా. తిట్టింటే బాగుండు. బ్యాగు సర్దుకొని నాలుగు గంటల బస్సెక్కింది. నెలలోపల నేను బత్తలపల్లెకి పోతి. వాళ్ళన్న వాకిలి గూడా తీయల్యా. ఆమె తానుగా మెత్తబడేదాకా మళ్ళీ ఆ ఊరు తొక్కకూడదని ఒట్టు పెట్టుకొంటి.”

“అందుకేనా ఎవుర్నీ ఏమీ అడగలేదు?”

“ఏమని అడిగేది? నా పెండ్లాం ఎట్లుండాదని ఊర్లో వాళ్ళని అడుక్కోవల్లనా? జాబు రాసినా, ఈ పనికి రా, నువ్వు తెలుగు బాగా రాస్తావు, ఐడీ తెరుచుకో అని. వచ్చింది! ఇదిగో, మాట పక్కన చీటీ రాసుకునేకి ఈ గడి ఉండాది. మా జట్టోళ్ళే నడిపే సర్వరు ఇది. కంపెనీ మెయిలయితే ఎవుడెవుడో చదువుతాడు. దీంట్లో ఆమెకీ నాకీ మధ్య మూడో మనిషి ఉండడు.”

“అన్నా, నేను వచ్చింది...”

“ఉండు, ఉండు, చూపిస్తా. మొదుట్లో కోపమే. ‘తప్పు’. ‘ఇదీ తప్పు’. అంతే రాస్తాండె. పది దినాలు. ఆ మీద రెండు వారాలు పత్తా లేదు. అయిపాయ అనుకుంటి. మళ్ళీ వచ్చినాక చూడు, మనిషే మారిపోయింది! ఇదిగో, నేను ‘పునఃప్రారంభించుము’ అని రాస్తే, ‘ఈ మాట చూస్తే మనోళ్ళు కంప్యూటరు ముందర నుంచి లేచిపోతారు, మళ్ళీ మొదలుపెట్టు అని రాయి’ అనింది. ఇంకొక దినం, ‘అన్నం తింటివా’ అని రాసింది.”

“రాసింది.”

“ఎనిమిదేండ్ల సంసారంలో అడిగినట్టు గుర్తు లేదు నాకి! దూరమయితేనే తెలుస్తాదేమో మనిషి విలువ.”

“అన్నా, ఒక్క నిమిషం నా మాట...”

“ఇది ఒక్కటి చదువు, చాలు. డిస్కు తుడిచే ముందర అడుగుతాది కదా, ఆ మాట. నేను ‘సమాచారము తొలగించబడును’ అని రాసినా. ఆమె కొట్టేసి ఏం రాసిందో చూడు.”

“‘ఈ డిస్కులో ఉండేదంతా పోతుంది. మళ్ళీ రాదు. ఇంట్లో వాళ్ళవి ఏమన్నా ఉన్నాయేమో అడిగినారా?’”

“చూడకుండానే చెప్తాండావే!”

“తెర మీద కనపడతాండాది కదన్నా.”

“షట్టరు దించుకొని ఏడ్చినా ఆ దినం. నువ్వే చెప్పు. మనసులో ఇంగా కోపముండే మనిషి అట్ల రాస్తాదా? క్షమించినట్టే కదా? చెప్పు, ఆడదానివి, నీకి తెలుస్తాది.”

“నాకి ఏం తెలుస్తాదన్నా.”

“క్షమించింది. అందుకే రేపు బత్తలపల్లెకి పోతాండా, పిల్చుకొచ్చేకి. మా ఎర్రన్న చిన్నాయన, తిప్పయ్య మామ, ఇంగా ఇద్దురు పెద్దమనుషులు. జీపు మాట్లాడినా. ఇంటికి సున్నం కొట్టించినా. నిన్న సాయంత్రం చీటీ గూడా రాసినా, ఆదివారం వస్తాండాము, తయారుగా ఉండు అని. ఎప్పుడూ వెంటనే పలికేది, నిన్న మాత్రం పలకల్యా. సిగ్గుపడిందేమో.”

“పోవద్దన్నా.”

“ఆఁ?”

“రేపు పోవద్దు. ఆ పెద్దమనుషులకి వద్దని చెప్పు. జీపుకి చెప్పు. అది చెప్పేకే వచ్చినా నేను. సీడీ కోసం కాదు.”

“ప్రసూన పంపించిందా నిన్ను? వాళ్ళన్న ఏమన్నా గొడవ చేస్తాండాడా?”

“ఆయమ్మ బత్తలపల్లెలో లేదన్నా. బెంగుళూరికి పోయి ఏడాది మీదాయ. ఒక బడిలో పిల్లోల్లకి తెలుగు చెప్తాండాది. ఎవురికీ చెప్పొద్దని వాళ్ళన్నకి చెప్పి పోయింది.”

“బెంగుళూరికా... అయితే బెంగుళూరు నుంచీ రాస్తాండాదా ఇదంతా? పోనీలే, జీపు బెంగుళూరికే...”

“రాసేది ఆయమ్మ కాదన్నా.”

“ఏమంటాండావు?”

“మొదుటి పది దినాలు ఆయమ్మ. నా సెంటర్లోనే కూచుని రాసింది. ఆ మీద నేను.”

కరెంటు పోయింది. ఫ్యాను ఆగి, బల్ల కింద యూపీఎస్ కీచుకీచుమని అరవడం మొదలుపెట్టింది.

“దాన్ని ఆపన్నా, సిస్టము పాడయితాది.”

“ఉండనీ. ‘మళ్ళీ మొదలుపెట్టు’?”

“నేనే.”

“అన్నం తింటివా అనింది?”

“నేనే అన్నా.”

“డిస్కు మాట? అది... ఆ పాటల సంగతి ఆమెకి తప్ప ఎవురికి తెలుసు?”

“ఆయమ్మ నాకి చెప్పింది. చెప్పేటప్పుడు ఒకటి పాడింది గూడా, సగం దాకా. ఆ మీద గుర్తు రాల్యా అని ఆపేసింది. నాకి మనసులో ఉండిపోయి, ఆ మాట వచ్చినప్పుడు అట్ల రాసినా.”

“ఎగతాళా? నేను ఒంటి నా కొడుకునని బత్తలపల్లెలో నవ్వుకుంటాండారా?”

“ఎగతాళికి ఏడాదికి పైగా ఎవురు రాస్తారన్నా? సాయంత్రమయితే నా సెంటర్లో ఈగ గూడా ఉండదు. ఇంట్లో మా నాయన మండీ తప్ప ఇంకో మాట మాట్లాడడు. ఆరుకి నీ మాటలు వచ్చేవి. దిద్దేదాన్ని. తింటివా అని అడిగితే, తింటి, నువ్వు తింటివా అని నువ్వు అడిగేవానివి. నన్ను అట్ల అడిగేవాళ్ళు ఎవురూ లేరు. తప్పే. రేపు నువ్వు నలుగురిని ఏసుకొని ఆ వాకిట్లో నిలబడతావని చూసినాక నిద్ర పట్టల్యా నాకి.”

“తప్పు అని ఒక్క మాట అంటే సరిపోతాదా? నేను కంపెనీలని తిడతాంటి, మన జాబులు చదువుతారని! నువ్వు చేసిందేంది? మొగుడు పెండ్లానికి రాసుకున్నవి పరాయి దానివి కూచుని చదివినావు. చదివి, ఆమె పేరు పెట్టుకొని జవాబులిచ్చినావు!”

“అవునన్నా.”

“పాస్‌వర్డు ఎట్ల దొరికింది? నీ సిస్టములో మర్చిపోయి లేచిపోయిందా? వెనక నిలబడి చూసినావా?”

“లేదన్నా.”

“మరి దొంగిలించినావా? చెప్పు! దొంగిలించినావు!”

“దొంగిలించల్యా అన్నా. బెంగుళూరు బస్సెక్కే దినం ఆయమ్మే కాగితం మీద రాసి నా చేతిలో పెట్టింది. ‘ఆయప్పతో నాకి ఇంగ మాటల్లేవు పాపా. అట్లని ఒంటిగా వదిలేసేకి మనసు ఒప్పుకోదు. సాయంత్రం పూట నువ్వు పలుకుతా ఉండు, నేననే అనుకోనీ’ అని.”