రీడింగ్ రూమ్ గెలిచింది

మునిసిపల్ మీటింగ్ ముగించుకొని వచ్చిన కౌన్సిలర్, సంచి భుజాన ఉండగానే వంటింట్లోకి పరుగెత్తింది. అత్తగారు చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నారు.

"అత్తయ్యా, గెలిచాం! వీధి చివర రీడింగ్ రూమ్ ఇక మూసెయ్యరు."

"చల్లని మాట చెప్పావు తల్లీ. మరి మంచినీళ్ల పైపు సంగతి?"

"సోమవారం తవ్వుతారు. పార్కులో బెంచీలు కూడా వేస్తారట. కానీ అసలు కథ వినండి. ఇటు ఏడుగురం, అటు ఎనిమిది మంది. మన పని అయిపోయిందనుకున్నా. తీరా ఓటింగ్‌లో అటువైపు కౌన్సిలర్, ఆ బట్టల కొట్టాయన, మా వైపు చెయ్యెత్తాడు!"

"పాపం, మంచివాడే."

"ఏం మంచివాడు? మూసెయ్యాలని నెలరోజులుగా గొంతు చించుకున్నాడు. మూడుసార్లు వెళ్లి బతిమాలినా కరగలేదు. ఇవాళ నా మొహం కూడా చూడకుండా చెయ్యెత్తేశాడు."

అత్తగారు తల వంచుకొని నవ్వు ఆపుకున్నారు. కౌన్సిలర్‌కి అనుమానం వచ్చింది.

"అత్తయ్యా, మీరేం చేశారు?"

"నేనేం చేస్తానమ్మా? వాళ్లమ్మ రోజూ రీడింగ్ రూమ్‌లో నా పక్క కుర్చీలోనే కూర్చుని పేపరు చదువుతుంది. మొన్న ఇద్దరం కొట్టుకెళ్లి చెప్పాం. 'నాయనా, ఆ గది మూసేస్తే మేం ముసలాళ్లం పదిమందిమీ పొద్దున్నించీ నీ కొట్లోనే కూర్చుని, పేపరు పైకి చదువుకుంటాం' అని. అంతే!"