అక్క చూడని జలపాతం

మోంతెవెర్దె కొండమీద, మబ్బు కమ్మిన అడవి అంచున, ఎలిడియెత్ మొక్కజొన్న రొట్టెలు కాలుస్తోంది. యాత్రికులకు దారి చూపే తమ్ముడు విల్బర్త్ గడపలో కూర్చున్నాడు.

“రేపు నాకు సెలవక్కా. పొద్దున్నే జలపాతానికి పోదాం.”

“యాత్రికులకు వంటెవరు చేస్తారు?”

“మా ఆవిడ చేస్తుంది.”

“నా మోకాలు?”

“డాక్టరు నడవమన్నాడుగా. మెల్లగానే పోదాం. వచ్చేవారం వానలు మొదలైతే వాగు దాటలేం, మళ్ళీ డిసెంబరు దాకా ఆగాలి.”

“భయంగా ఉందిరా.”

“జారిపడతావనా?”

“కాదు. ఇరవై ఏళ్ళుగా అక్కడికి పోయే యాత్రికులకు అన్నం పొట్లాలు కట్టి ఇస్తున్నాను. జలపాతం ఎలా ఉంటుందని అందరూ నన్నే అడుగుతారు. చూడలేదని చెప్పడానికి సిగ్గేసి, పాలు పొంగినట్టు ఉంటుందని, కింద నీళ్ళు చిలకపచ్చగా ఉంటాయని చెప్పేదాన్ని. తీరా చూస్తే అదంతా అబద్ధమని తేలుతుందేమో.”

“అందుకా, పచ్చనీళ్ళేవని అందరూ నన్ను పీక్కుతింటారు!”

“పచ్చగా ఉండవా?”

“పలచటి టీ రంగులో ఉంటాయి.”

“మరి పాలో?”

“అది మాత్రం నిజం. అచ్చం అలాగే పొంగుతుంది.”

ఆమె పెనం మీది రొట్టె తిరగేసి నవ్వింది.

“అయితే ఐదింటికే లేపు. ఆ పొంగు నేనూ చూడాలి. కానీ నీళ్ళ రంగు మాత్రం నేను మార్చి చెప్పను, అడిగినవాళ్ళకు చిలకపచ్చే.”