ఏడ్చే కుక్కపిల్ల

మీటింగు గది తలుపు మూసి బావ కుర్చీ చూపించాడు. వీడియో గేములకు బొమ్మలు గీసే మరదలు కూర్చోలేదు.

"మన ఆటలో కుక్కపిల్ల ఆకలితో ఏడవాలి. పిల్లలు డబ్బు కట్టి తిండి కొనేదాకా ఏడుస్తూనే ఉండాలి. సాయంత్రానికల్లా గీసివ్వు."

"పసివాళ్ల జాలిని అమ్ముకుంటావా బావా? సిగ్గుగా లేదూ?"

"నీతులు ఇంటికెళ్లి చెప్పు. ఇప్పుడు అందరూ చేస్తున్నదే ఇది."

"ఈ ఆటంటే మీ పాపకి ప్రాణం. రేపు కుక్కపిల్లతో పాటు అదీ ఏడుస్తుందిగా?"

"ఏడవదు. పాప ఫోన్లోంచి ఆ ఆట నిన్ననే తీసేశాను."

ఆమె అతని ముఖంలోకి చూసింది. అతను కిటికీ వైపు తిరిగాడు.

"అయితే నీ బిడ్డే బిడ్డ. ఊళ్లోవాళ్ల బిడ్డలు నీకు గల్లాపెట్టెలు."

"నోరు జారకు. ఉద్యోగం పోతుంది."

ఆమె మెడలోంచి ఆఫీసు కార్డు తీసి బల్ల మీద పడేసింది.

"ఎందుకు మానేశానో అక్కకి నువ్వే చెప్పు బావా. పాప ముందు చెప్పు."